కడుపుతో ఉన్నప్పుడు డిఫ్యూజర్ నూనెలు వాడొచ్చా? (14వ వారం, కొండాపూర్)

తొలిచూలు_కొండాపూర్ | రాత్రి 11:20

అందరికీ నమస్కారం. నాకిది మొదటి కాన్పు. మూడో నెలలో బిడ్డకి చేసే ఎన్‌టీ స్కాన్ అయింది, అంతా బాగుందన్నారు. వేవిళ్ళు మాత్రం ఇంకా తగ్గలేదు. నా అవస్థ ఫోన్‌లో విని మా ఆడపడుచు బెంగళూరు నుంచి వస్తూ ఒక డిఫ్యూజర్ (నూనె చుక్కల వాసనని గదిలోకి వదిలే చిన్న మెషీన్), దానితో పాటు ఆరు చిన్న నూనె సీసాలు తెచ్చింది. లావెండర్, పెప్పర్‌మింట్, యూకలిప్టస్, రోజ్‌మేరీ, లెమన్, క్లారీ సేజ్. ఒక్కోటి 10 మి.లీ. పాపం చాలా ప్రేమగా తెచ్చింది.

మాది చిన్న బెడ్‌రూమ్. ఏసీ వేసి తలుపులు, కిటికీలు మూసేసి, పెప్పర్‌మింట్, యూకలిప్టస్ కలిపి పది చుక్కలు వేసుకుని రాత్రంతా ఆన్‌లోనే ఉంచి పడుకున్నాను. మొదటి రెండు రోజులు ప్రాణానికి హాయిగా ఉంది. మూడో రోజు నుంచి తెల్లారి లేచేసరికి తల బద్దలయ్యేంత నొప్పి, గొంతు ఎండిపోవడం. నిన్న రాత్రి యూకలిప్టస్ సీసా పక్కకి తిప్పి చూస్తే, చీమ తలకాయంత అక్షరాల్లో గర్భిణులు డాక్టర్‌ని అడిగి వాడాలని రాసి ఉంది. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. మా డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇంకా పది రోజులుంది. మొత్తం ఆరు రాత్రులు పీల్చాను. బిడ్డకేమన్నా అవుతుందా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

ఇద్దరు_పిల్లల_తల్లి | రాత్రి 11:41

ముందు ఆ మెషీన్ ప్లగ్ తీసేసి కిటికీ తెరిచి పడుకోమ్మా. మిగతాది పొద్దున మాట్లాడుకుందాం. అంత టెన్షన్ పడకు, నిద్ర పట్టకపోతే అదింకా కష్టం.

పచ్చదనం_అల్వాల్ | రాత్రి 11:58

మొక్కల నుంచి తీసిన నూనెలే కదండీ, కెమికల్స్ ఏమీ లేవు. నేను ఏడాదిగా వాడుతున్నాను, ఏమీ కాలేదు. సహజమైనవాటికి ఇంత భయం దేనికో నాకైతే అర్థం కాదు.

ప్రసూతి_సిస్టర్ | ఉదయం 6:10

నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. పంతొమ్మిదేళ్ళుగా లేబర్ రూమ్‌లో నర్సుగా ఉన్నాను. డాక్టర్‌ని కాదు, కాబట్టి నేను చెప్పేది మీ డాక్టర్ మాటకు బదులుగా తీసుకోకండి.

కొండాపూర్ చెల్లీ, ముందు నీ ప్రశ్నకి. ఆరు రాత్రులు గదిలో వాసన పీల్చినందుకు బిడ్డకి ఏదో అయిపోయిందని కుమిలిపోవద్దు. డిఫ్యూజర్ వాసన వల్ల మొత్తం మీద ఒంట్లోకి చేరేది తక్కువ. నీ తలనొప్పికి కారణం మూసిన గది, పది చుక్కలు, ఎనిమిది గంటలు. గర్భంలో ముక్కు మామూలుకన్నా చురుగ్గా ఉంటుంది. పక్కింటి పోపు వాసనకే వాంతి వచ్చే రోజుల్లో రాత్రంతా యూకలిప్టస్ అంటే ఒళ్ళు తట్టుకోదు.

అయితే సహజం కాబట్టి ఏం కాదనే మాటని మాత్రం నేను ఒప్పుకోను. 1978లో అమెరికాలోని కొలరాడోలో 18 ఏళ్ల అమ్మాయి గర్భం పోగొట్టుకోవచ్చని నమ్మి పెన్నీరాయల్ అనే నూనె సుమారు 30 మి.లీ. తాగింది. అది మన పుదీనా జాతి మొక్కే. కాలేయం పాడైపోయి కొద్ది రోజులకే చనిపోయింది. ఆ ఆకుతో టీ కాచుకుని తాగే అలవాటు అక్కడ ఎప్పట్నుంచో ఉంది. ఆకు వేరు, ఆకులోంచి పిండిన సారం వేరు.

నేను మా వార్డులో చెప్పేది ఇది. నోట్లోకి ఏ ఎసెన్షియల్ ఆయిలూ వద్దు, తేనెలో కలిపినా, నీళ్ళలో కలిపినా సరే. చర్మం మీద నేరుగా వద్దు. మొదటి మూడు నెలల్లో అసలు జోలికే పోకపోతే మేలు. ఆ తర్వాత వాసన చూడాలనిపిస్తే తలుపు తెరిచి, రెండు మూడు చుక్కలతో, అరగంట పెట్టుకుని ఆపేయాలి. నీ ఆరు సీసాల్లో క్లారీ సేజ్ ఇప్పుడే పక్కన పెట్టెయ్, కాన్పు నెల వచ్చేదాకా దాని మూత కూడా తీయకూడదు. రోజ్‌మేరీలో కర్పూరం అంశ ఉంటుంది, అదీ వద్దు. యూకలిప్టస్ అంటే మన నీలగిరి తైలమే, గదిలో రాత్రంతా అక్కర్లేదు.

ఇంకొక మాట. ఇప్పుడు నీ తలనొప్పికి కారణం తెలిసింది. కానీ ఐదో నెల దాటాక ఎప్పుడైనా తలనొప్పి వస్తే, బామ్ రాసుకుని దుప్పటి కప్పుకుని పడుకోవద్దు. బీపీ చూపించుకో. కళ్ళు మసకబారినా, ముఖం వాచినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. రెండు రోజులు బామ్ రాసుకుని ఇంట్లో ఉండిపోయి, ఫిట్స్‌తో మా దగ్గరికి వచ్చినవాళ్ళని చూశాను.

అమ్మమ్మ_మల్కాజిగిరి | ఉదయం 8:35

సిస్టర్ గారూ, మీ అనుభవానికి దండం. కానీ ఒకటి అడుగుతాను. నాకు ముగ్గురు పిల్లలు. మూడు కాన్పులకీ జలుబు చేస్తే నీలగిరి తైలం వేసి ఆవిరి పట్టాను, నడుం నొప్పికి కొబ్బరినూనెలో కర్పూరం కాచి మా అమ్మ రాసేది. ముగ్గురూ దుక్కల్లా ఉన్నారు. ఈ కాలం పిల్లల్ని వాము తినొద్దు, అల్లం తినొద్దు, బామ్ రాయొద్దు అని బెదరగొడితే వాళ్ళు ఏ మందు వాడాలి? కడుపుతో ఉన్న పిల్లకి జ్వరం మందూ వద్దు, ఇంటి వైద్యమూ వద్దంటే ఎట్లా?

ప్రసూతి_సిస్టర్ | ఉదయం 9:02

అమ్మగారూ, వాము, అల్లం, జీలకర్ర, పుదీనా పచ్చడి ఏవీ మానొద్దు. వంటలో వేసేంత వేసుకోండి. వేవిళ్ళకి అల్లం పనిచేస్తుందని డాక్టర్లే చెబుతారు. నేను ఆపమంటున్నది సీసాలో ఉన్న వాము నూనెని. జ్వరానికి కూడా పారాసెటమాల్ ఉంది, డాక్టర్‌ని అడిగి వేసుకోవచ్చు. మందే వద్దని ఎవరూ అనరు.

కర్పూరం కాచిన నూనె మాత్రం నిజంగా ప్రమాదమే. కర్పూరం చర్మం గుండా లోపలికి పోతుంది, మాయని దాటి బిడ్డ దాకా చేరుతుంది. మోతాదు మించితే ఫిట్స్ వస్తాయి. అమెరికాలో సీసాల్లో అమ్మే కర్పూరం నూనెని 1982లో నిషేధించారు. ఆముదం అనుకుని పొరపాటున తాగేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు అంతమంది మరి. చిన్నపిల్లలకైతే ఒక చెంచా చాలు ప్రాణం తీయడానికి. గుళ్ళో తీర్థంలో పచ్చకర్పూరం వాసన తగలడం వేరు, దాని గురించి బెంగ అక్కర్లేదు. హారతి బిళ్ళ మాత్రం తినే వస్తువే కాదు, చాలావరకు టర్పెంటైన్ నుంచి తయారు చేసేదే.

బోడుప్పల్_ల్యాబ్ | ఉదయం 10:15

నేను సుగంధ నూనెల నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. సిస్టర్ గారు చెప్పిన ఆకు, సారం తేడా నాకు రోజూ కంటి ముందు కనబడేదే, అందుకే రాస్తున్నాను.

నూనె తీసే బట్టీ దగ్గర నిలబడి చూస్తే అర్థమవుతుంది. వంద కిలోల పచ్చి నిమ్మగడ్డిని పెద్ద డ్రమ్ములో కుక్కి కింద నుంచి ఆవిరి పంపిస్తారు. ఆ ఆవిరి గొట్టంలో చల్లబడి చివర్లో నీళ్ళు, నూనె కలిసి కారుతుంటాయి. నీళ్ళ మీద పసుపుపచ్చగా తేలేదే నూనె. గంటల తరబడి మరిగిస్తే అర కిలో అటూ ఇటూగా వస్తుంది. అంటే 10 మి.లీ. సీసా వెనుక దాదాపు రెండు కిలోల గడ్డి ఉంది. టీలో మనం వేసుకునేది రెండు రెబ్బలు. గులాబీ అయితే కిలో నూనెకి టన్నుల్లోనే పూలు పోయాలి.

చుక్కల లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే కిట్లలో వచ్చే పుస్తకాలు దీన్ని గాలికొదిలేస్తాయి. ఉజ్జాయింపుగా 20 చుక్కలు ఒక మి.లీ. డాక్టర్ సరేనన్నాక ఒంటికి రాసుకోవాలంటే ఒక శాతం దాటకూడదంటారు. అంటే 5 మి.లీ. చెంచాడు కొబ్బరినూనెకో నువ్వుల నూనెకో ఒకే ఒక్క చుక్క. అంతకు మించి వద్దు.

సీసా మీద థెరప్యూటిక్ గ్రేడ్ (వైద్యానికి పనికొచ్చే రకం) అని కనిపిస్తే ఎక్కువ నమ్మకండి. ఏ ప్రభుత్వమూ అలాంటి గ్రేడ్ ఇవ్వదు, కంపెనీలే రాసుకుంటాయి. మల్లె, తామర అని చవగ్గా దొరికేవి చాలావరకు కృత్రిమ సెంట్లు. చార్మినార్ దగ్గర అత్తరు కొనుక్కుంటారు చూడండి, పూర్వం దాన్ని గంధపు నూనెలోకి దింపేవారు. ఇప్పుడు చాలా చోట్ల పారఫిన్‌లోనో, వేరే ద్రావకంలోనో కలుపుతున్నారు. చీరకు పూసుకోండి, చర్మానికి వద్దు. ఏ నూనెలో ఏముందో తేల్చేది జీసీ-ఎంఎస్ పరీక్ష. మంచి అమ్మకందారు అడిగితే ఆ బ్యాచ్ రిపోర్ట్ చూపిస్తాడు. మన బోడుప్పల్‌లోనే ఔషధ, సుగంధ మొక్కల మీద పనిచేసే సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది, సుగంధ మొక్కలు సాగు చేసే రైతులకు ఈ సంగతులు బాగా తెలుసు.

పచ్చదనం_అల్వాల్ | ఉదయం 11:30

రెండు కిలోల గడ్డి అన్న మాట చదివి ఆగిపోయాను. నేను రోజూ పొద్దున గ్లాసుడు నీళ్ళలో రెండు చుక్కల లెమన్ ఆయిల్ వేసుకుని తాగుతున్నాను. ఈ రోజు నుంచి మానేస్తున్నాను, నిమ్మకాయ పిండుకుంటాను. రాత్రి ఆ చెల్లికి ఏమీ కాదని తేలిగ్గా చెప్పేశాను, క్షమించమ్మా.

ఏడో_నెల_నాన్న | మధ్యాహ్నం 1:05

మా ఆవిడకి ఏడో నెల. నడుం నొప్పికి రోజూ రాత్రి నేనే జెల్ రాస్తున్నాను, మెడికల్ షాపులో మామూలుగా ఇచ్చేదే. దీంట్లో కూడా ఇలాంటి నూనెలు ఉంటాయా? ట్యూబ్ మీద డైక్లోఫెనాక్, మిథైల్ శాలిసిలేట్, మెంథాల్ అని ఉంది.

ప్రసూతి_సిస్టర్ | మధ్యాహ్నం 1:22

తమ్ముడూ, ఈ రాత్రి నుంచి ఆపేయండి, రేపే డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పండి. డైక్లోఫెనాక్ జాతి నొప్పి మందులు 20 వారాలు దాటాక వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది. కడుపులో బిడ్డ కిడ్నీల మీద ప్రభావం పడి ఉమ్మనీరు తగ్గొచ్చు. జెల్ ద్వారా రక్తంలోకి చేరేది మాత్ర కన్నా తక్కువే. అయినా రోజూ రాస్తున్నానంటున్నారు కాబట్టి డాక్టర్‌కి తెలియాలి.

మిథైల్ శాలిసిలేట్ అంటే వింటర్‌గ్రీన్ నూనెలో ఉండేది, ఆస్పిరిన్‌కి దగ్గరి చుట్టం. ఆ నూనె ఒక చెంచా అంటే ఇరవై ఆస్పిరిన్ మాత్రల పెట్టు. చాలా బామ్‌లలో కూడా ఇది ఉంటుంది. నడుముకి వేడినీళ్ళ సంచి పెట్టండి, మరీ వేడిగా వద్దు. ఎడమ వైపు తిప్పి మోకాళ్ళ మధ్య దిండు పెట్టి పడుకోబెట్టండి. ఉత్త నువ్వుల నూనెతో మెల్లగా మర్దన చేయండి. ఆమెకి కావాల్సింది సగం మీ చెయ్యే.

ఏడో_నెల_నాన్న | మధ్యాహ్నం 1:30

థాంక్యూ అక్కా. ఇప్పుడే డాక్టర్ క్లినిక్‌కి ఫోన్ చేశాను. రేపు సాయంత్రం రమ్మన్నారు, ట్యూబ్ కూడా తీసుకురమ్మన్నారు.

నిదానం_సైనిక్‌పురి | మధ్యాహ్నం 3:48

నాకు కాలేజీ రోజుల నుంచి ఫిట్స్ ఉన్నాయి, మందు వేసుకుంటాను. పెళ్ళయ్యాక మూడేళ్ళు ఒక్కసారి కూడా రాలేదు. కిందటేడు జలుబు చేసి వారం రోజులు రోజుకు రెండు పూటలా నీలగిరి తైలంతో ఆవిరి పట్టి, ముక్కు చుట్టూ బామ్ రాసుకున్నాను. వారం చివర వంటింట్లో పడిపోయాను. పొయ్యి మీద పాలు పొంగి మాడిపోయిన వాసనకి అత్తమ్మ వచ్చి చూశారు. న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్తే ఆయన మొట్టమొదట అడిగింది మాత్రలు మానేశావా అని కాదు, ఏ బామ్ వాడావు, ఏ నూనె పీల్చావు అని. నీలగిరి, కర్పూరం నూనెలకీ ఫిట్స్‌కీ ఉన్న సంబంధం మీద బెంగళూరు డాక్టర్లు చేసిన పరిశోధన గురించి కూడా చెప్పారు. ఇప్పుడు నేను పిల్లల కోసం చూస్తున్నాను. మా ఇంట్లో బామ్ డబ్బా లేదు. ఆవిరి ఉత్త వేడినీళ్ళతోనే పడతాను, ముక్కు అలాగే తెరుచుకుంటుంది.

ఫిట్స్ ఉన్నవాళ్ళు, ఆయాసం ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే డిఫ్యూజర్ కొనకముందే మీ డాక్టర్‌ని అడగండి.

మాదాపూర్_వాసి | సాయంత్రం 5:15

నాకు ఆరో నెలలో ఒక స్పాలో ప్రీనేటల్ మసాజ్ చేయించారు మావారు. నూనెలో ఏం కలిపారని అడిగితే ఆ అమ్మాయికి తెలియదు, అందరికీ ఒకే సీసా అట. రాత్రికి పొట్ట మీద చారికలు పడిన చోటల్లా ఎర్రగా దద్దుర్లు. నాలుగు రోజులు గోళ్ళు కత్తిరించుకుని చేతులకి సాక్సులు వేసుకుని పడుకున్నాను. బిడ్డకేమీ కాలేదు. కానీ అడగగానే సీసా చూపించలేని చోట నూనె రాయించుకోకండి.

రెండోసారి_ఉప్పల్ | సాయంత్రం 6:40

ఒక సందేహం. వానలు పడుతున్నాయి, మా కాలనీలో డెంగీ కేసులు ఉన్నాయి. దోమలకి నిమ్మగడ్డి నూనె రాసుకుంటే సురక్షితమని అంటున్నారు. నాకు ఐదో నెల.

ప్రసూతి_సిస్టర్ | సాయంత్రం 7:05

దోమల విషయంలో నా మాట గట్టిగా చెబుతాను. నిమ్మగడ్డి, సిట్రొనెల్లా నూనెలు కాసేపే పనిచేస్తాయి, తర్వాత వాసన ఉంటుంది గానీ దోమ కుట్టడం ఆగదు. కడుపుతో ఉన్నప్పుడు డెంగీ రావడం ఆ నూనెలన్నిటికన్నా పెద్ద ప్రమాదం. డీట్ అనే దోమల మందు ఉన్న క్రీములు గర్భిణులు లేబుల్ ప్రకారం వాడొచ్చని పెద్ద ఆరోగ్య సంస్థలన్నీ చెబుతున్నాయి. బట్టలు కప్పని చోట రాసుకో, లోపలికొచ్చాక కడిగేసుకో. పగలు కూడా దోమతెర కట్టుకో, డెంగీ దోమ పగలే కుడుతుంది. కూలర్ నీళ్ళు, పూలకుండీల కింద పళ్ళేలు వారానికొకసారి ఖాళీ చేయించు.

పసుపుబొట్టు_నాచారం | రాత్రి 9:30

ఇక్కడ అందరూ సీసాల గురించే రాస్తున్నారు. మా ఇంట్లో జరిగింది వేరు.

మా అమ్మ నా చిన్నప్పటి బట్టలు ఇరవై ఏడేళ్ళు ఇనప్పెట్టెలో దాచింది. మధ్యలో కలరా ఉండలు వేసి. బాబు పుట్టిన మూడో రోజు ఎంతో మురిపెంగా ఆ చొక్కాలు తీసి దులిపి, ఉతక్కుండానే తొడిగింది. పొత్తిగుడ్డ కూడా అందులోదే. నాకు ఆ వాసన అమ్మ వాసనలా అనిపించింది, నేనూ ఏమీ అనలేదు. ఐదో రోజుకి బాబు కళ్ళు, అరికాళ్ళు పచ్చబడ్డాయి. పాలు తాగడం తగ్గించాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే కామెర్లు బాగా ఎక్కువగా ఉన్నాయని నీలం లైటు కింద పెట్టారు. రక్తపరీక్షలో జీ6పీడీ లోపం అని తేలింది. అలాంటి పిల్లలకి కలరా ఉండల్లోని నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయట. బట్టల సంగతి పిల్లల డాక్టరమ్మ అడిగితే గానీ మాకెవరికీ తట్టలేదు. కర్పూరం, మెంథాల్ కూడా వీడి దగ్గరికి రానివ్వొద్దని కాగితం మీద రాసిచ్చారు.

నాలుగు రోజులు లైటు కింద ఉన్నాడు. కళ్ళకి చిన్న గంతలు కట్టి పడుకోబెట్టేవారు. మా అమ్మ ఆ గది బయట కుర్చీలో కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు బాబుకి రెండేళ్ళు, బాగున్నాడు. అమ్మ తప్పేమీ లేదు, ఆమెకెవరూ చెప్పలేదు. అందుకే నేను చెబుతున్నాను.

అమ్మమ్మ_మల్కాజిగిరి | రాత్రి 10:12

తల్లీ, చదివి కళ్ళు చెమర్చాయి. మా పెద్దమ్మాయికి ఇప్పుడు ఎనిమిదో నెల. నా పెట్టెలో కూడా ఉన్నాయి ఆ ఉండలు. రేపు పొద్దున్నే తీసి పారేస్తాను.

సిస్టర్ గారూ, మరి బాలింతకి స్నానం అయ్యాక సాంబ్రాణి పొగ వేస్తాం కదా, బిడ్డకీ చూపిస్తాం. అదీ వద్దా?

ప్రసూతి_సిస్టర్ | రాత్రి 10:30

బిడ్డకి పొగ వద్దమ్మా. నెలల పిల్లల ఊపిరితిత్తులు ఏ పొగనీ తట్టుకోవు, సాంబ్రాణి అయినా, దోమల చుట్ట అయినా. బాలింత జుట్టు ఆరబెట్టుకోవాలంటే వేరే గదిలో, కిటికీ తెరిచి, కాసేపు. బిడ్డని ఆ గదిలోకి తేకండి. సీమంతంలో గంధం పూస్తాం కదా, దానికేమీ భయం లేదు. సాన మీద అరగదీసిన గంధం హాయిగా పూయండి.

ఇంకొకటి, ఎవరైనా అడుగుతారని ముందే చెబుతున్నాను. విదేశాల్లో కాన్పు గదుల్లో ఈ నూనెలు వాడుతున్నారు కదా అంటారు. నిజమే. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ ఆస్పత్రిలో 1990 నుంచి 1998 దాకా 8,058 మంది తల్లులకి నొప్పుల సమయంలో లావెండర్ లాంటివి వాడి చూశారు. భయం తగ్గిందని చాలామంది చెప్పారు, ఇబ్బంది పడినవాళ్ళు నూటికి ఒకరు. కానీ అక్కడ వాడింది శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు, నొప్పులు మొదలయ్యాక, బిడ్డ గుండె చప్పుడు చూసుకుంటూ. పధ్నాలుగో వారంలో మన బెడ్‌రూమ్‌లో వాడుకోవడానికి అది సాక్ష్యం కాదు.

వేవిళ్ళకి నిమ్మ వాసన మీద 2014లో ఇరాన్‌లో వంద మంది గర్భిణులతో ఒక పరిశోధన చేశారు. దూది మీద రెండు చుక్కలు వేసి వాసన చూడమన్నారు. వికారం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. నిమ్మకాయ తొక్క గోటితో గిచ్చి వాసన చూసినా ఆ పరిమళమే వస్తుంది. వాంతులు ఆగకపోతే, నీళ్ళు కూడా నిలవకపోతే, వాసనలతో కాలం గడపొద్దు. దానికి గర్భిణులకు ఇచ్చే మాత్రలు ఉన్నాయి, డాక్టర్ రాసిస్తారు.

తొలిచూలు_కొండాపూర్ | పదకొండు రోజుల తర్వాత, సాయంత్రం 6:50

అందరికీ చాలా థాంక్స్. నిన్న డాక్టర్‌ని కలిశాను. ఆరు సీసాలూ కవర్లో వేసుకుని వెళ్ళి టేబుల్ మీద పెట్టాను. ఆవిడ ఒక్కోటి తిప్పి చదివారు. బీపీ 110/70. డాప్లర్ పెట్టి గుండె చప్పుడు వినిపించారు, అది విన్నాక గానీ నేను సరిగ్గా ఊపిరి తీసుకోలేదు. సిస్టర్ గారు చెప్పినట్టే క్లారీ సేజ్, రోజ్‌మేరీ, యూకలిప్టస్ వద్దన్నారు. పెప్పర్‌మింట్ అంత ఘాటు నీకు అక్కర్లేదన్నారు. లెమన్, లావెండర్ కావాలంటే అప్పుడప్పుడు, హాల్లో, కిటికీ తెరిచి. వాంతులకి డాక్సిలమిన్, బీ6 కలిసిన మాత్ర రాశారు. నిన్న రాత్రి నిద్ర పట్టింది. బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌కి వచ్చే నెల రమ్మన్నారు.

ఆడపడుచుకి నేనే ఫోన్ చేసి చెప్పాను. బాధపడుతుందేమో అనుకున్నాను. వదినా, నాకు తెలియలేదు, ఆఫీసులో ఇంకో అమ్మాయికి కూడా ఇదే కిట్ ఇచ్చాను అని వెంటనే ఆమెకి ఫోన్ చేసింది.

నాచారం అక్కా, మీ పోస్ట్ మా అత్తమ్మకి చదివి వినిపించాను. ఆవిడ లేచి వెళ్ళి అటక మీద పెట్టె దింపించారు. మావారి చిన్నప్పటి స్వెటర్లు, నాలుగు ఉయ్యాల దుప్పట్లు, వాటి మధ్య ఉండలు. ఉండలన్నీ ఏరి బయట పారేశాం. బట్టలకి ఆ వాసన ఇంకా పోలేదు. ఒక్కసారి ఉతికితే సరిపోతుందా?

పసుపుబొట్టు_నాచారం | రాత్రి 8:05

సరిపోదు చెల్లీ. వేడినీళ్ళ సబ్బులో రెండు మూడుసార్లు ఉతికి, మేడ మీద మంచి ఎండలో వరసగా కొన్ని రోజులు ఆరెయ్యండి. ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు ఉతికిన బట్ట వాసన తప్ప ఇంకేమీ రాకూడదు. వస్తే అవి గుర్తుగా దాచుకోండి, బిడ్డకి మాత్రం తొడగొద్దు. నేను బాబు చొక్కాల్లో ఒకటి అలాగే దాచాను.